పాస్‌పోర్టు చేతికి రాకముందే రాజీనామానా?

ఆంధ్రప్రదేశ్ ఎన్నారై సాధికారత, సంబంధాల శాఖ మంత్రి శ్రీ కొండపల్లి శ్రీనివాస్ గారికి,



నేను విశాఖ పారిశ్రామికవాడలో ఒక కంపెనీ పర్సనల్ విభాగంలో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషిని. రాజీనామా కాగితం తీసుకుని, ఇన్‌వార్డు ముద్ర వేసి, తేదీ కింద పొట్టి సంతకం పెట్టడం నా పనుల్లో ఒకటి. చాలా కాగితాల్లో "వ్యక్తిగత కారణాల వల్ల" అని ఒకే మాట ఉండేది. దాని వెనక ఏముందో ఇచ్చేవాళ్ల మొహం చూస్తే తెలిసిపోయేది. విదేశం పోయే కుర్రాడు కాగితం ఇచ్చి వెంటనే వెళ్లడు. "సార్, ఒకవేళ దీన్ని వెనక్కి తీసుకోవాల్సి వస్తే కుదురుతుందా?" అని అడగాలని ఉండి, అడగలేక, ఇంకాస్త సేపు బల్ల ముందు నిలబడతాడు.

ఆ నిలబడే కుర్రాళ్ల కోసమే మీకు ఈ లేఖ.

మా చెల్లెలి కొడుకు సంగతి చెప్తాను. రుషికొండ వైపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో 2021 జులైలో చేరాడు. కంపెనీ పేరు రాయను, నా ఉద్దేశం ఒకరిని వేలెత్తి చూపడం కాదు. 2025 మార్చి లాటరీలో అమెరికా పని వీసా హెచ్-1బి తగిలింది. ఆగస్టుకి పిటిషన్ ఆమోదమైంది. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ స్లాటు డిసెంబరు 18, గురువారానికి దొరికింది. నోటీసు పీరియడ్ 90 రోజులు. వాడు లెక్క వేసుకున్నాడు. సెప్టెంబరు మధ్యలో పేపర్లు పెడితే డిసెంబరు 12 శుక్రవారం చివరి పని రోజు. తరవాతి గురువారం ఇంటర్వ్యూ. ఇంకో వారానికి ముద్ర పడి పాస్‌పోర్టు వస్తుంది. సంక్రాంతి ఇంట్లో చేసుకుని బయల్దేరవచ్చు. కాగితం మీద అంత చక్కగా కుదిరిన లెక్క అది.

నన్నూ అడిగాడు. "పాస్‌పోర్టు వచ్చాక పెట్టరా" అన్నాను. "అప్పుడు పెడితే ఇంకో మూడు నెలలు మావయ్యా. అక్కడి కంపెనీవాళ్లు అన్నాళ్లు ఆగరట, వేరేవాళ్లకి ఇచ్చేస్తామంటున్నారు" అన్నాడు. నేను గట్టిగా అడ్డుపడాల్సింది. జీవితమంతా ఆ కాగితాల మధ్యే గడిపిన వాణ్ణి, ఒక్క మాట అని ఊరుకున్నాను. ఆ బాధ నాకు ఉండిపోయింది.

డిసెంబరు 9 రాత్రి ఇంటర్వ్యూ వాయిదా పడిందని మెయిల్ వచ్చింది. హెచ్-1బి అభ్యర్థుల, వాళ్ల కుటుంబాలకిచ్చే హెచ్-4 అభ్యర్థుల సోషల్ మీడియా ఖాతాలు కూడా డిసెంబరు 15 నుంచి పరిశీలించాలని అమెరికా విదేశాంగ శాఖ నిర్ణయించింది. దాంతో రోజుకు చేసే ఇంటర్వ్యూలు తగ్గించేశారు. డిసెంబరు రెండో సగంలో స్లాట్లున్న వాళ్లను మార్చికీ, ఆ పైకీ జరిపేశారు. మా వాడికి ఏప్రిల్ వచ్చింది.

మర్నాడు ఆఫీసు తెరవకముందే వెళ్లి మేనేజరు కోసం కూర్చున్నాడు. చేతిలో ఇంకా మూడు పని రోజులున్నాయి. మేనేజరు మంచివాడే, తన పై వాళ్లతో మాట్లాడాడు. "నీ స్థానంలో మనిషిని తీసుకున్నాం, సిస్టమ్‌లో నీ ఎగ్జిట్ ఖరారైపోయింది" అన్నారు. శుక్రవారం సాయంత్రం లాప్‌టాప్, ఐడీ కార్డు అప్పజెప్పి, రిలీవింగ్ లెటర్ పట్టుకుని ఇంటికొచ్చాడు. ఆ కవరు ఇప్పటికీ మధురవాడ ఫ్లాట్‌లో టీవీ పక్కనే ఉంది. ఆ ఫ్లాట్ వాయిదా ప్రతి నెలా 5వ తేదీకి పడుతుంది.

పోయింది జీతం ఒక్కటే అనుకుంటారు బయటివాళ్లు. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమాలో మా చెల్లెలి పేరుంది. జనవరిలో మోకాలి ఆపరేషన్ చేయిద్దామనుకున్నారు. చివరి పని రోజుతో ఆ కార్డు చెల్లకుండా పోయింది. ఆవిడ ఇప్పటికీ మెట్లు ఒక్కో కాలే ముందు పెట్టి ఎక్కుతోంది. ఇక గ్రాట్యుటీ. అయిదేళ్లు నిండితేగానీ వాడికది రాదు. వాడికి అయ్యింది నాలుగేళ్ల అయిదు నెలలు. ఉద్యోగంలోనే ఉండి, ఏప్రిల్లో ముద్ర పడ్డాక నోటీసు ఇచ్చి ఉంటే, ఆ తొంభై రోజులు పూర్తయ్యేసరికి జులై వచ్చేది, అయిదేళ్లూ నిండేవి. అరవై వేల బేసిక్‌కి పదిహేను రోజుల జీతం లెక్కన, నెలకు 26 రోజులు చొప్పున అయిదేళ్లకు కట్టి చూశాను. 1,73,000 రూపాయలు దాటింది. తొందరపెట్టినవాళ్లు ఈ లెక్క వాడికి చెప్పలేదు. వాళ్లకి తెలిసే ఉండదు.

మంత్రిగారూ, ఇంతకీ రిలీవింగ్ లెటర్‌తో వీసా అధికారికి ఏ పనీ లేదు. ఆయనకు కావలసింది ఆమోదమైన పిటిషన్, అమెరికాలో ఇచ్చే ఉద్యోగం వివరాలు, చదువు, అనుభవం కాగితాలు. పాత ఉద్యోగం మానేశావా అన్నది ఇంటర్వ్యూ నెగ్గడానికి షరతు కాదు. డీఎస్-160 దరఖాస్తులో ప్రస్తుతం ఎక్కడ పనిచేస్తున్నావని అడుగుతారు, పనిచేస్తుంటే పనిచేస్తున్నానని రాస్తే సరిపోతుంది. "రాజీనామా చేస్తేనే సీరియస్‌గా ఉన్నట్టు నమ్ముతారు" అనేది మన ఊళ్లో ఒకరి నుంచి ఒకరికి పాకిన మాట. "వీసా చేతికి వచ్చేదాకా టికెట్లు కొనకండి, ప్రయాణం ఖరారు చేసుకోకండి" అని అమెరికా విదేశాంగ శాఖే చెప్తోంది. టికెట్టే కొనొద్దంటుంటే ఉద్యోగం ఎలా వదులుకుంటాం?

పిటిషన్ మీద అక్టోబరు 1 అని ఉంటే ఆ రోజుకే అక్కడ దిగాలని మరో భయం. ఆ తేదీకి పది రోజుల ముందు నుంచి దేశంలోకి రానిస్తారు. ఆలస్యమైతే, పిటిషన్ గడువు ఉన్నంత కాలం తరవాతైనా వెళ్లవచ్చు. ఆగాలా వద్దా అన్నది అక్కడి కంపెనీ ఇష్టం, ఆగడానికి చట్టం అడ్డం కాదు. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే మా వాడు వాళ్లతో ఇంకోలా మాట్లాడేవాడు.

ఇదేమీ మొదటిసారి కాదు. 2020 మార్చిలో కరోనాతో కాన్సులేట్లు మూతపడ్డాయి. జూన్‌లో హెచ్-1బి మీద కొత్తవాళ్లెవరూ రాకూడదని అమెరికా అధ్యక్షుడి ప్రకటన వచ్చింది, అది 2021 మార్చి 31 దాకా నడిచింది. 2025 సెప్టెంబరు 19న కొత్త పిటిషన్ల మీద లక్ష డాలర్ల రుసుము అన్నారు. అదే నెల మొదట్లో, ఇంటర్వ్యూ లేకుండా వీసా ఇచ్చే డ్రాప్‌బాక్స్ పద్ధతిని దాదాపు ఎత్తేశారు, సొంత దేశంలోనో, నివసించే దేశంలోనో తప్ప ఇంకెక్కడా స్టాంపింగ్‌కి వెళ్లొద్దన్నారు. ఇంటర్వ్యూలో అంతా బాగా జరిగినా, 221(జి) అని రంగు కాగితం ఒకటి చేతిలో పెట్టి, పరిశీలన ఉంది ఆగమంటే, ఎన్ని వారాలో ఎవరూ చెప్పరు. కిటికీ ముందు మాట్లాడేది రెండు మూడు నిమిషాలు. ఆ రెండు మూడు నిమిషాల మీద ఆధారపడి మూడు నెలల ముందే ఉద్యోగం వదిలేయమని చెప్పడం ఎంత తప్పో, పర్సనల్‌లో పనిచేసినవాడిగా నేను గట్టిగా చెప్పగలను.

మన ఊరి వాళ్లకు దీనికి దూరం కూడా తోడవుతుంది. వేలిముద్రలకు హైదరాబాద్ హైటెక్ సిటీ మెట్రో స్టేషన్, ఇంటర్వ్యూకి నానక్‌రామ్‌గూడ. 2008లో బేగంపేటలో కాన్సులేట్ రాకముందు మద్రాసు పోయేవాళ్లం, ఆ రోజులతో పోలిస్తే నయమే. అయినా సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లారి దిగి, ఒకరోజు వేళ్లు చూపించి, ఇంకోరోజు మనిషిని చూపించి రావాలి. ఆ రెండు మూడు రోజుల సెలవుకి ఆఫీసులో ఏం చెప్పాలో తెలియక పెళ్లి అంటారు, తాతగారికి బాగోలేదంటారు.

అసలు సమస్య ఆ దాపరికంలోనే ఉంది. వీసా ప్రయత్నంలో ఉన్నాడని తెలిస్తే ఇంక్రిమెంటు ఆగుతుంది, మంచి ప్రాజెక్టు చేజారుతుంది, ప్రమోషన్ జాబితాలోంచి పేరు పోతుంది. అందుకని చివరిదాకా చెప్పరు. చెప్పే రోజుకి చేతిలో రాజీనామా ఉంటుంది. ఒకసారి మా కంపెనీలో ఒక ఇంజినీరు, ఎంతో పద్ధతిగా పనిచేసేవాడు, రాజీనామా ఇచ్చిన నెలకి వచ్చి నా ఎదురుగా కూర్చుని, "వీసా ఆగింది సార్. ముందే మీతో చెప్పి ఉంటే ఏదైనా చేసేవారా?" అని అడిగాడు. చేసేవాణ్ణి. జీతం లేని సెలవుకి దారి చూపించేవాణ్ణి, నోటీసు తేదీ వాయిదా వేయించేవాణ్ణి. కానీ ముందే చెప్పినందుకు ఏ నష్టమూ జరగదని భరోసా ఇచ్చే అధికారం నాకు లేదు. ఆ మాట అతనికి చెప్పలేకపోయాను.

యాజమాన్యాల పక్షం కూడా నాకు తెలుసు. ఒక మనిషి పోతున్నాడంటే ఇంకో మనిషిని వెతకాలి, పని నేర్పాలి. వచ్చినవాడికి మాటిచ్చేశాక పాతవాడు తిరిగొచ్చి ఉంటానంటే ఇద్దరినీ ఎక్కడ కూర్చోబెడతారు? శిక్షణకి ఖర్చుపెట్టిన సంస్థ బాండు అడగడం కూడా అన్యాయమేమీ కాదు. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు మూడేళ్లు పనిచేయకుండా వెళ్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు పెడితే, అది చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టే చెప్పింది. నేనడిగేది కంపెనీకి నష్టం చేయమని కాదు. ఆఖరి రోజు ఇంకా రాకముందు, వీసా ఆగిందని రుజువు చూపించినవాడికి ఒక్కసారి తలుపు తెరిచి ఉంచమని.

ప్రభుత్వ, ప్రభుత్వ రంగ ఉద్యోగుల విషయంలో ఆ తలుపు కొంత తెరిచే ఉంది. రాజీనామా అమల్లోకి వచ్చే తేదీ లోపు వెనక్కి తీసుకోవచ్చని 1978 నుంచీ సుప్రీంకోర్టు తీర్పులున్నాయి. 2024 సెప్టెంబరులో కొంకణ్ రైల్వే ఉద్యోగి కేసులో కూడా, ఆమోదించిన సంగతి అతనికి తెలియజేయకముందే రాజీనామా వెనక్కి తీసుకున్నాడు కాబట్టి మళ్లీ ఉద్యోగంలోకి తీసుకోమంది. ప్రైవేటు కంపెనీలో మాత్రం ఇది నియామక పత్రంలో ఏం రాసుకున్నారన్న దాన్ని బట్టే ఉంటుంది. అందులో ఉద్యోగి ఎన్ని రోజుల నోటీసివ్వాలో ఉంటుంది, ఇవ్వకపోతే ఎంత కట్టాలో ఉంటుంది. మనసు మార్చుకుంటే ఏమిటన్నది ఉండదు.

ఇంతసేపూ కంప్యూటర్ల వాళ్ల గురించే చెప్పాను. ఈ ఊళ్లో రాజీనామా కాగితమే లేని వాళ్లు అంతకంటే ఎక్కువ కష్టపడతారు. పెదగంట్యాడ, గాజువాక వైపు వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు కాంట్రాక్టర్ల కింద పనిచేస్తారు. వాళ్లకు ఉద్యోగమంటే మెడలో వేలాడే గేట్ పాస్. మా వీధి చివర ఉండే ఒక వెల్డరు గల్ఫ్ పనికి ట్రేడ్ టెస్టు ఇచ్చాడు. ప్లేటు బిగించి, రాడ్ పట్టుకుని, నిలువు జాయింటు వేసి చూపించాడు. పరీక్ష చేసినాయన గ్రైండర్‌తో గీసి చూసి బాగుందన్నాడు. మెడికల్‌లో ఫిట్ వచ్చింది. పాస్‌పోర్టు ఏజెంటు తన దగ్గరే ఉంచుకుని, "వీసా వారంలో స్టాంపింగ్ అయిపోద్ది, పాస్ సరెండర్ చేసేసి డబ్బు తెచ్చుకో" అన్నాడు. సరెండర్ చేశాడు, కాంట్రాక్టరు దగ్గర రావలసింది తెచ్చుకున్నాడు. ఆ వారం అయిదు నెలలైంది. మెడికల్ గడువు తీరిపోయి మళ్లీ డబ్బు కట్టాడు. కాంట్రాక్టరు దగ్గరికి వెళ్తే "నీ పాస్ మీద వేరేవాణ్ణి ఎక్కించాను" అన్నాడు. ఇచ్చేసిన గేట్ పాస్ మళ్లీ పుట్టించుకోవడం ఎంత కష్టమో ఉక్కు కర్మాగారం చుట్టూ బతికే మాకు బాగా తెలుసు. 2021 జనవరిలో ఆ కర్మాగారంలో పెట్టుబడుల ఉపసంహరణ నిర్ణయం వచ్చినప్పటి నుంచి ఈ చుట్టుపక్కల ప్రతి ఇంట్లో "బయటికి పోతే ఎలా ఉంటుంది" అన్న మాట నడుస్తూనే ఉంది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించాక కాస్త ఊపిరి పీల్చుకున్నారు గానీ, ఆ మాట ఆగలేదు.

రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఈ రెండు సంగతులూ మా వీధిలో నేను చెప్పేదాకా ఎవరికీ తెలియవు. తెలియకపోతే ఏమవుతుందో 2024 మేలో ఊరంతా చూసింది. డేటా ఎంట్రీ ఉద్యోగమని లక్షలు కట్టి కంబోడియా వెళ్లిన మన కుర్రాళ్లు, అక్కడ బందీలై సైబర్ మోసాలు చేయాల్సి వచ్చి, చివరికి విశాఖ విమానాశ్రయంలో దిగారు. వాళ్లలో ఉన్న ఉద్యోగం వదిలి వెళ్లినవాళ్లు లేరనుకోను.

మీరు ఏం చేయగలరని ఆలోచించే ఈ లేఖ మొదలుపెట్టాను. వీసా విధానం వాషింగ్టన్ చేతిలో ఉంటుంది, అది మీరు మార్చలేరు. నోటీసు పీరియడ్ మీద మాత్రం మీ ప్రభుత్వానికి పట్టుంది, కంపెనీలకు భూములిచ్చేది మీరే కాబట్టి. టీసీఎస్‌కి ఈ ఊళ్లో 21.16 ఎకరాలు, కాగ్నిజెంట్‌కి కాపులుప్పాడలో భూమి 99 పైసలకే ఇచ్చారు. ఉద్యోగాలు వస్తాయంటే నేనూ సంతోషించాను, ఆ రెండు సంస్థల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఇకముందు విశాఖలో భూమి గానీ రాయితీ గానీ ఇచ్చేటప్పుడు, ఒప్పందంలో ఉద్యోగుల నియామక పత్రాలకు సంబంధించి ఒక షరతు పెట్టించండి. ముప్ఫై ఒక్క ఏళ్లు ఇలాంటి కాగితాలు రాసినవాణ్ణి కాబట్టి మాటలు కూడా నేనే రాసిస్తున్నాను:

"విదేశీ పని వీసా కారణంగా రాజీనామా ఇచ్చిన ఉద్యోగి, తన చివరి పని దినం ముగిసేలోపు ఆ వీసా వాయిదా పడిందని గానీ నిలిచిపోయిందని గానీ రాతపూర్వక రుజువు చూపితే, రాజీనామాను ఒకసారి ఉపసంహరించుకోవచ్చు. ఆ స్థానంలో వేరొకరిని అప్పటికే నియమించి ఉంటే, సంస్థ ఆ ఉద్యోగికి ఆరు నెలలకు మించకుండా జీతం లేని సెలవు ఇచ్చి, ఆరోగ్య బీమాను, సర్వీసు కొనసాగింపును కాపాడాలి. వీసా ప్రయత్నం గురించి ముందుగా తెలియజేసినందుకు ఏ ఉద్యోగికీ జీతంలో గానీ పదోన్నతిలో గానీ నష్టం కలిగించరాదు."

జీతం లేని సెలవంటే కంపెనీకి భారం తక్కువ. మా చెల్లెలికి ఆ బీమా కార్డు మిగిలేది. వాడి సర్వీసు తెగకుండా ఉండేది.

రెండోది, మీ ప్రభుత్వం చేతిలోనే ఉన్న పని. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓమ్‌క్యాప్ ద్వారా విదేశాలకు మనుషుల్ని పంపేటప్పుడు, చేరవలసిన తేదీని క్యాలెండరు చూసి వేయొద్దని చెప్పండి. "వీసా ముద్ర పడిన తేదీ నుంచి నోటీసు గడువు, దాని మీద ఇన్ని రోజులు" అని రాయించండి. ప్రభుత్వం అలా మొదలుపెడితే ప్రైవేటు ఏజెంట్లను అడిగే ధైర్యం కుర్రాళ్లకు వస్తుంది.

విశాఖలో ఒక సలహా కేంద్రం కూడా కావాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 2021లో అమెరికన్ కార్నర్ పెట్టారు, పై చదువులకు పోయే పిల్లలకు అది బాగా పనికొస్తోంది. ఉద్యోగాలకు పోయేవాళ్లకు అలాంటిది లేదు. పెద్ద భవనం అక్కర్లేదు. గాజువాకలో ఒక గది, మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసు దగ్గర ఇంకో గది. పర్సనల్‌లో, లేబర్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మాలాంటి వాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. పేపర్లు పెట్టే ముందు కుర్రాడు వచ్చి కూర్చుంటే, వాడి నియామక పత్రం చదివి, గ్రాట్యుటీకి ఎన్ని రోజులు తక్కువో, పెన్షన్‌కి కావలసిన పదేళ్ల సర్వీసుకి ఎంత దూరంలో ఉన్నాడో, పీఎఫ్ విషయంలో ఏం చేయాలో, బీమా ఎప్పుడు ఆగుతుందో ఒక కాగితం మీద రాసిస్తాం. వెల్డరు వస్తే ఏజెంటు నంబరు కొట్టి చూపిస్తాం, స్టాంపింగ్ అయిన పాస్‌పోర్టు కళ్లతో చూసేదాకా గేట్ పాస్ ఇవ్వొద్దని చెప్తాం. మాకు జీతం వద్దు. కుర్చీ, ఫ్యాను, ఇంటర్నెట్ ఉంటే చాలు.

మా వాడు ఇప్పుడు ఇంట్లోనే ఉండి చిన్నా చితకా పనులు చేసుకుంటున్నాడు. ఉద్యోగం వెతుక్కుందామంటే, "ఏప్రిల్లో వెళ్లిపోతావు కదా" అని అడుగుతారని ఇంటర్వ్యూలకే వెళ్లడం లేదు. ఈసారి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వాడికి తోడుగా నేనూ వెళ్తున్నాను. తిరిగొచ్చాక మీరు సమయమిస్తే మీ నియోజకవర్గం గజపతినగరం వచ్చి, పైన రాసిన షరతుల కాగితం మీ చేతికిస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత పర్సనల్ ఉద్యోగి
కూర్మన్నపాలెం, విశాఖపట్నం